అందరి పిల్లలూ ఒకే ఒడ్డున: ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో బీచ్ బృందం ఎలా మొదలుపెట్టాలి

మా బాబుకి తొమ్మిదేళ్లు. ఆటిజం ఉంది, మాటలు తక్కువ. మేం ఉండేది విశాఖపట్నంలో, బీచ్ రోడ్డుకి ఆటోలో పది నిమిషాలు. అయినా వాడికి ఐదేళ్లు వచ్చేదాకా సముద్రాన్ని దూరం నుంచే చూపించాం. మొదటిసారి ఇసుకలోకి దింపింది ఒక ఆదివారం సాయంత్రం. జనం, బూరలు, గుర్రాలు, మొక్కజొన్న పొత్తుల బండ్ల పొగ, ఎక్కడో మైకు. కాలికి ఇసుక తగలగానే వాడు చెవులు మూసుకుని కూలబడిపోయాడు. చుట్టూ జనం మూగారు. "దిష్టి తగిలిందేమో అమ్మా" అంది ఒకావిడ. "ఇలాంటి పిల్లాణ్ణి ఇంత జనంలోకి ఎందుకు తీసుకొస్తారు" అన్నాడు ఇంకొకాయన. వాణ్ణి ఎత్తుకుని ఆటో ఎక్కాను. ఆరు నెలలు మళ్లీ అటువైపు వెళ్లలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్నే పదకొండు కుటుంబాలం కలిసి వెళ్తున్నాం. పిల్లలు పదహారు మంది. ఆరుగురికి ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ లాంటివి ఉన్నాయి. మిగతా పదిమంది వాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మా అపార్ట్‌మెంట్ పిల్లలు. తప్పులు చేస్తూ నాలుగేళ్లుగా నేర్చుకున్న పద్ధతి ఇది. మీరు భీమిలిలో ఉన్నా, కాకినాడలో ఉన్నా, మచిలీపట్నంలో ఉన్నా ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిస్తే మొదలుపెట్టేయొచ్చు.

ఒక మాట ముందే చెప్పాలి. సముద్రపు గాలికి, ఉప్పునీటికి ఆటిజం తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, డబ్బులు కట్టకండి. మేం వెళ్లేది వేరే కారణానికి. పార్కులో జారుడుబల్ల ఎక్కాలంటే వరసలో నిలబడాలి, మన వంతు వచ్చేదాకా ఆగాలి, వెనకవాడు తోస్తే ఓర్చుకోవాలి. ఇసుకలో గొయ్యి తవ్వడానికి ఇవేమీ అక్కర్లేదు. పక్కపక్కన కూర్చుని ఒక్క మాటా లేకుండా ఇద్దరు పిల్లలు గంటసేపు ఆడుకోవచ్చు. మాటలు లేని పిల్లాడికి స్నేహం మొదలయ్యేది అలాంటి చోటే.

వేళ, చోటు

చోటు కంటే వేళ ముఖ్యం. విశాఖలో జనవరిలో సూర్యుడు ఆరున్నరకి పైకి వస్తాడు, మే నెలలో ఐదున్నర లోపే వస్తాడు. తెల్లారిన అరగంటకి ఒడ్డున ఉండాలి, రెండు గంటల్లో తిరిగి బయల్దేరాలి. డిసెంబరు ఆఖరు నుంచి మార్చి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు, తుపాన్లు ఉంటాయి. కార్తీకమాసంలో సముద్ర స్నానాలకి జనం పోటెత్తుతారు, పౌర్ణమి రోజు మరీను. ఆ వారాలు వదిలేయండి.

పోటు, పాటు (సముద్రం నీటిమట్టం పెరగడం, తగ్గడం) చూసుకోండి. మన కోస్తాలో గుజరాత్ తీరంలోలా పెద్ద తేడా ఉండదు. విశాఖలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సుమారు ఒకటిన్నర మీటరు. కానీ వాలు తక్కువున్న ఒడ్డున ఆ కాస్తకే మీరు పరిచిన దుప్పటి కింద నీళ్లు వస్తాయి. పాటు వేళ వెళ్తే గట్టిగా ఉన్న తడి ఇసుక వెడల్పుగా దొరుకుతుంది, పిల్లలు పరిగెత్తడానికీ వీల్‌చైర్‌కీ అదే మంచిది. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ ఎత్తైన కెరటాల హెచ్చరికలు, సముద్రం పరిస్థితి రోజూ ప్రకటిస్తుంది. శనివారం రాత్రి ఒకసారి చూడటం అలవాటు చేసుకోండి. హెచ్చరిక ఉంటే ఆ వారం పార్కుకి వెళ్లండి. పిల్లలు ఏడుస్తారని జాలిపడి బయల్దేరకండి.

ఇక చోటు సంగతి. ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నడకకి వచ్చినవాళ్లు తప్ప పెద్ద హడావుడి ఉండదు, ఫుట్‌పాత్ బాగుంటుంది. కానీ అక్కడ ఒడ్డు నిట్రంగా దిగుతుంది, లోపల లాగుడు ఎక్కువ. అందుకని అక్కడ పొడి ఇసుక ఆటలే. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. టాయిలెట్లు, బట్టలు మార్చుకునే గదులు, లైఫ్‌గార్డులు ఉన్న చోటు కాబట్టి డైపర్ వాడే పెద్ద పిల్లలున్న కుటుంబాలకి సులువు. అంత పొద్దున్నే ఏవి తెరిచి ఉంటాయో ముందు రోజు వెళ్లి కనుక్కోండి. భీమిలిలో అయితే గోస్తనీ నది సముద్రంలో కలిసే మూతి దగ్గరికి పోకండి, అక్కడ ఇసుక మేటలు మారుతూ ఉంటాయి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు చాలామంది బాపట్ల దగ్గర సూర్యలంక ఎంచుకుంటారు. లోతు తక్కువలా కనిపిస్తుంది. అది నమ్మి లోపలికి పోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు అక్కడా ఉన్నారు.

ఏది ఎంచుకున్నా మారవద్దు. ప్రతి వారం అదే బీచ్, అదే కొబ్బరిచెట్టు, దుప్పటి పరిచేది దాని పక్కనే. మా బాబుకి ఆ చెట్టు కనబడిందంటే సగం టెన్షన్ పోతుంది.

ఇంట్లో రెండు వారాలు

నేరుగా తీసుకెళ్లకండి. ముందు టబ్బులో కొంచెం ఇసుక పోసి బాల్కనీలో పెట్టండి. చెయ్యి పెట్టకపోతే చెంచా ఇవ్వండి, చెంచా కూడా వద్దంటే పక్కన కూర్చుని మీరు ఆడుకోండి. తర్వాత ఆ ఇసుకలోనే నీళ్లు పోయండి. పొడి ఇసుకని భరించలేని పిల్లలు కొందరు తడి ఇసుకని ఇష్టపడతారు. మా బాబు అంతే. పొడి ఇసుక వేళ్ల మధ్య గరగరలాడితే వాడికి పడదు, తడిది ముద్దలా ఉంటుంది కాబట్టి హాయి. ఇది తెలియక ఆ మొదటి రోజు వాణ్ణి పొడి ఇసుకలోనే దింపాను.

ఫోన్‌లో కెరటాల చప్పుడు తక్కువ సౌండ్‌లో పెట్టి రోజూ కొంచెం పెంచండి. మీరు వెళ్లబోయే చోటునే ఐదారు ఫోటోలు తీసి ప్రింట్ చేయించండి: ఆటో, మెట్లు, కొబ్బరిచెట్టు, దుప్పటి, బకెట్టు, మళ్లీ ఆటో. ఆఖరి ఫోటో ఇల్లు ఉండాలి. తిరిగి ఇంటికొస్తామని పిల్లలకి కళ్లతో చూపించాలి.

భద్రత: ఇది రెండుసార్లు చదవండి

ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి నీళ్లంటే చెప్పలేనంత ఆకర్షణ. చెయ్యి వదిలించుకుని తిన్నగా నీళ్లవైపే నడుస్తారు. లోతు, ప్రమాదం వాళ్ల లెక్కలో ఉండవు. పిలిచినా వెనక్కి తిరగరు.

మొదలుపెట్టిన కొత్తలో ఒక ఆదివారం జరిగింది చెబుతాను. పెద్దవాళ్లం ఎనిమిదిమందిమి ఉన్నాం. ఫ్లాస్కులో టీ పోసుకుంటున్నాం. బాబుని మా ఆయన చూస్తున్నారని నేను, నేను చూస్తున్నానని ఆయన. కాస్త దూరంలో తెప్ప పక్కన వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన గబుక్కున లేచి పరిగెత్తడం చూశాను. ఎందుకో అర్థమయ్యేసరికి ఆయన మోకాళ్ల లోతు నీళ్లలో ఉన్నాడు, చంకలో మా బాబు. వాడు నవ్వుతున్నాడు. ఆయన వాణ్ణి నా ముందు దింపి, తల తుడుచుకుంటూ, "ఎనిమిది మంది ఉన్నారు గానీ సూసేవోళ్లు ఒక్కలూ లేరమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. నాకు ఇప్పటికీ ఆ మాటే చెవిలో ఉంది.

ఆ రోజు నుంచి ఒక పిల్లాడికి ఒక జత కళ్లు. మా దగ్గర నారింజ రంగు తాడుకి కట్టిన ఆరు ఈలలు ఉన్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో బిడ్డ పేరు. ఎవరి మెళ్లో ఈల ఉందో ఆ బిడ్డ వాళ్ల బాధ్యత. ఇరవై నిమిషాలకి ఒకసారి మారతాం. ఇచ్చేటప్పుడు "ఇప్పుడు నీ చేతిలో" అనాలి, తీసుకునేవాళ్లు "నా చేతిలో" అనాలి. ఈల మెళ్లో ఉన్నంతసేపు ఫోన్ ముట్టుకోకూడదు, టీ తాగకూడదు, వంగి చెప్పులు సర్దుకోకూడదు.

ఆ తాతే మాకు పాత వల తాడు ముక్క ఒకటి ఇచ్చాడు. రెండు వెదురు కర్రలకి ఎర్రగుడ్డలు కట్టి, నీటి గీతకి ఇరవై అడుగులు ఇవతల పాతి, మధ్యలో ఆ తాడు ఇసుక మీద పరుస్తాం. తాడు దాటాలంటే పెద్దవాళ్ల చెయ్యి పట్టుకోవాలి. ఇది పదహారు మందికీ ఒకటే రూల్. బాగా పరిగెత్తే మా అపార్ట్‌మెంట్ పిల్లలకీ అదే. కొందరికే రూల్ పెడితే అది శిక్షలా ఉంటుంది.

నీళ్లని చదవడం నేర్చుకోండి. కెరటాలు వరసగా విరుగుతూ, మధ్యలో ఒకచోట మాత్రం విరగకుండా నునుపుగా, బురదరంగులో కనిపిస్తే అది ప్రశాంతమైన చోటు అనుకుంటాం. అదే ప్రమాదం. ఒడ్డుకి కొట్టిన నీళ్లన్నీ అక్కడినుంచే లోపలికి తిరిగిపోతుంటాయి, మనిషిని కూడా లాక్కుపోతాయి. రోజూ చూసేవాళ్లు కాబట్టి మత్స్యకారులని అడగండి. "ఇయాల ఆ పక్కన దిగకండమ్మా, గుంట పడింది" అని వాళ్లే చెబుతారు.

బట్టలు నీలం, తెలుపు, బూడిద రంగు వద్దు, నురుగులో కలిసిపోతాయి. నారింజ, చిలకపచ్చ, ముదురు గులాబీ వేయండి. ముంజేతి మీద బాల్‌పెన్‌తో మీ ఫోన్ నంబరు రాయండి. పాదాలు తడిసేంత నీళ్లకైనా ఒంటికి బిగుతుగా సరిపోయిన లైఫ్ జాకెట్, కాళ్ల మధ్య పట్టీ ఉన్నది. గాలి ఊదే ట్యూబులు, చేతికి తొడిగే బెలూన్లు నమ్మకండి.

ఏ బిడ్డయినా కనిపించకపోతే మొదట నీళ్లవైపు చూడండి. బండ్ల దగ్గర, ఆటోల దగ్గర వెతకడం తర్వాత. ఒకరు వెంటనే 112కి ఫోన్ చేయాలి. ఆ ఒకరు ఎవరో బయల్దేరేముందే అనుకోవాలి.

డాక్టర్ని అడగాల్సినవి కూడా ఉన్నాయి. ఫిట్స్ వచ్చే పిల్లల్ని నీళ్లలోకి దించే ముందు తప్పకుండా మాట్లాడండి. టోపిరమేట్ లాంటి కొన్ని ఫిట్స్ మందులు చెమట సరిగా పట్టనివ్వవు, ఎండలో ఒళ్లు వేడెక్కిపోతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ ఎముకల కీలు వదులుగా ఉంటుంది. తలకిందులుగా దూకడం, పిల్లిమొగ్గలు, భుజాల మీద కూర్చోబెట్టి తిప్పడం లాంటివి డాక్టరు సరేనన్నాకే.

సంచిలో

గొడుగు, టోపీ, మంచినీళ్లు మామూలే. వాటితోపాటు చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్లు, రెండు జతల బట్టలు, పాత లుంగీ ఒకటి. బిడ్డ బాగా కంగారుపడినప్పుడు లుంగీని గుడారంలా కప్పుకుని లోపల కూర్చుంటే వెలుతురు, గాలి, చూపులు మూడూ ఆగుతాయి. పిల్లలు ఇంట్లో రోజూ తినే తిండే తీసుకెళ్లండి. బేబీ పౌడర్ మర్చిపోవద్దు, తడి ఇసుక అంటుకున్న కాళ్లకి అద్ది దులిపితే రాలిపోతుంది.

మొదటి నాలుగు వారాలు

మొదటి వారం మెట్ల దాకానే. కూర్చుని చూసి పదిహేను నిమిషాల్లో వచ్చేయండి, బిడ్డ సంతోషంగా ఉన్నా సరే. బాగున్నప్పుడే ఇంటికి రావాలి. అలసిపోయి ఏడిచాక వస్తే వాళ్లకి గుర్తుండేది ఆ ఏడుపే.

రెండో వారం చెప్పులతో కొబ్బరిచెట్టు దాకా. మూడో వారం దుప్పటి మీద కూర్చుని, అంచు బయట ఒక్క వేలు. మా బాబు నలభై నిమిషాలు దుప్పటి మధ్యలో కూర్చుని, ఒక బొటనవేలిని అంచు దాకా జరపడం, తగలగానే వెనక్కి లాక్కోవడం, మళ్లీ జరపడం. పక్కింటి పాప వాడికి ఎదురుగా కూర్చుని తన బొటనవేలితో అలాగే చేసింది. ఎవరూ చెప్పలేదు. ఇద్దరి వేళ్లూ ఇసుకలో రెండు చిన్న కాలవలు చేశాయి. నాలుగో వారం ఆ కాలవల్లో వాడే నీళ్లు పోశాడు.

మీ బిడ్డకి నాలుగు వారాలు పట్టచ్చు, నలభై పట్టచ్చు. చెయ్యి పట్టి నీళ్లలోకి లాగి "చూశావా, ఏం కాలేదుగా" అనే పని మాత్రం ఎవర్నీ చేయనివ్వకండి, తాతయ్యల్ని కూడా.

వీల్‌చైర్ ఉంటే

చెన్నై మెరీనాలో 2022లో నీటి దగ్గరి దాకా చెక్కబాట వేశారు. అలాంటిది మీ ఊళ్లో లేదని ఆగిపోకండి. కొబ్బరిపీచు పట్టాలు రెండు కొనండి. ఒకటి పరిచి దాని మీదకి కుర్చీ తెచ్చి, రెండోది ముందు పరచాలి. దాటాక వెనకది తీసి మళ్లీ ముందు వేయాలి. కుర్చీని ముందుకి తోస్తే చిన్న చక్రాలు ఇసుకలో కూరుకుపోతాయి, వెనక్కి తిప్పి పెద్ద చక్రాల మీద లాగండి. ఇంటికెళ్లగానే మంచినీళ్లతో కడిగి, తుడిచి, నూనె వేయకపోతే ఉప్పుకి తుప్పు పట్టేస్తుంది.

ఒడ్డుకి చేరాక ఇసుకే కుర్చీ. తడి ఇసుకలో, కూర్చుంటే బిడ్డ నడుం దాకా వచ్చేంత గొయ్యి తవ్వి, వెనక ఒరుగుడు దిబ్బ పోసి, తువ్వాలు పరిచి బిడ్డని కూర్చోబెట్టండి. రెండు పక్కలా ఇసుక ఆనుకుని ఉండటం వల్ల నడుం నిలవని పిల్లలు కూడా కుదురుగా కూర్చుంటారు, చేతులు రెండూ ఆటకి ఖాళీ అవుతాయి. గొయ్యి తాడుకి ఇవతలే ఉండాలి, పక్కన ఈల ఉన్న మనిషి ఉండాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న మా బృందంలోని పాపకి ఈ గొయ్యి తవ్వడం పిల్లలందరికీ ఇష్టమైన పని. తవ్వేది వాళ్లు, ఎంత లోతు కావాలో చెప్పేది ఆ పాప.

మిగతా పిల్లల్ని కలపడం

ఇదే అసలు పని. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు మాత్రమే వచ్చే బృందం పెట్టకండి. అది ఇంకో థెరపీ సెంటర్ అవుతుంది. ఇరుగుపొరుగు పిల్లలు సగానికి పైగా ఉండాలి.

వాళ్లతో ముందు రోజు పది నిమిషాలు మాట్లాడండి. ఉపన్యాసం వద్దు. "పేరు పిలిచాక మనసులో ఐదు లెక్కపెట్టి ఆగండి. చెవులు మూసుకుంటే మీరు మెల్లగా మాట్లాడండి. ముట్టుకునే ముందు చెయ్యి చూపించండి." ఇంతే. వాళ్లు అడిగేవాటికి దాచకుండా జవాబు చెప్పండి. "అన్నయ్య చేతులు అలా ఎందుకు ఆడిస్తాడు ఆంటీ?" అని ఒక ఏడేళ్ల పిల్లాడు అడిగాడు. "నీకు సంతోషం వస్తే గెంతుతావుగా, వాడు చేతులతో గెంతుతాడు" అన్నాను. వాడికి అది చాలింది.

ఆటలు మాటతో కాకుండా పనితో జరిగేలా చూడండి. ఇద్దరిద్దరు కలిసి ఒక బకెట్టు మోయడం, నీళ్లతో నిండింది కాబట్టి ఒక్కళ్లకి బరువు. గవ్వలు, ఆల్చిప్పలు, గుల్లలు వేరు చేయడం. అలివి వల (ఒడ్డు నుంచి లాగే పెద్ద వల) లాగేవాళ్లు ఒప్పుకుంటే తాడు చివర పట్టుకుని అందరూ లాగడం. ఆ పొడుగు తాడు బరువు చేతులకి, భుజాలకి ఆనితే మా బాబు చాలాసేపు నిమ్మళంగా ఉంటాడు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. అటవీశాఖవాళ్లు కాపాడిన గుడ్ల నుంచి పిల్లలు వచ్చాక వాటిని సముద్రంలోకి వదులుతారు. ముందే అడిగి ఆ పొద్దున వెళ్లండి. టార్చిలైటు, ఫ్లాష్ వాడకూడదు, చేత్తో పట్టుకోకూడదు. అరచేతిలో సగం లేని తాబేలు పిల్ల నీళ్లదాకా పాకేంతసేపూ పదహారు మందీ కదలకుండా కూర్చున్నారు.

జాగ్రత్త పడాల్సింది ఇంకొకటి. పక్కింటి పిల్లని మీ బిడ్డకి ఆయాని చేయకండి. మీ బిడ్డకీ అందరికీ పనికొచ్చే పని ఒకటి ఉండాలి. మా డౌన్ సిండ్రోమ్ పాప వచ్చిన ప్రతివాళ్లనీ పేరుపెట్టి పిలిచి హాజరు వేస్తుంది, తిరిగి వెళ్లేటప్పుడు మళ్లీ వేస్తుంది. ఆ పాప లెక్క తేలకుండా ఎవరూ కదలం. తోబుట్టువుల్ని కూడా చూసుకోండి. మా అమ్మాయికి పన్నెండేళ్లు. తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండటం వాడు పుట్టినప్పటినుంచి దానికి డ్యూటీ. ఆదివారం ఆ రెండు గంటలూ దాని మెళ్లో ఈల వేయం.

చూసేవాళ్లు, అడిగేవాళ్లు

అందరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. "మా వాడికి చప్పుడు పడదండి, ఐదు నిమిషాలు ఖాళీ ఇవ్వండి" అన్న ఒక్క వాక్యం కంఠతా పట్టండి. నిజంగా తెలుసుకోవాలని ఆగినవాళ్లకి ఒక బకెట్టు చేతికివ్వండి. మా బృందంలో ముగ్గురు పెద్దలు అలా నడకకి వచ్చి చేరినవాళ్లే. అవుట్‌పోస్టు పోలీసులకి, లైఫ్‌గార్డులకి పిల్లల్ని పరిచయం చేయండి, మొహం గుర్తుండేలా.

ర్యాంపు, టాయిలెట్ కోసం అర్జీ పెట్టేటప్పుడు 2016 వికలాంగుల హక్కుల చట్టం పేరు రాయండి. అందులో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, 29వ సెక్షన్ వినోదంలో సమాన అవకాశం గురించే. సంతకాలు మీవి మాత్రమే కాకుండా ఇరుగుపొరుగువాళ్లవీ పెట్టించండి.

తిరిగి రావడం

ఎక్కువ ఏడుపులు ఇక్కడే. పదిహేను నిమిషాల ముందు ఇంటి ఫోటో చూపించండి, ఐదు నిమిషాల ముందు మళ్లీ చూపించండి. ఆఖరి పని ఎప్పుడూ ఒకటే ఉండాలి. మేం అందరం పెద్దల చెయ్యి పట్టుకుని తాడు దాటి, బకెట్లలో మిగిలిన నీళ్లు సముద్రంలో పోసేస్తాం. తవ్విన గోతులు పూడుస్తాం, తాబేళ్లు, పొద్దున నడిచేవాళ్లు పడిపోకుండా. హాజరు అయ్యాక తాడు చుట్టడం మా బాబు పని. మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టలు చుడతాడు, ఆ తాత నేర్పినట్టే. పద్దెనిమిది చుట్టలు రావాలి. పదిహేడే వస్తే విప్పి మళ్లీ మొదలుపెడతాడు, కాబట్టి దానికి ఒక పది నిమిషాలు వేరే పెట్టుకుంటాం.